కారుకు సరిపడే స్పార్క్ ప్లగ్గు ఎంచుకోవడం ఎలా?

 

నేను చదివినది బి.కాం. పని చేసినది బ్యాంకు గుమాస్తాగా. అటువంటివాడు కారు ఇంజను గురించి రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో మా కౌంటరుకు వాహన రుణాల కాగితాలు ఎన్నో వచ్చేవి. సెకండ్ హ్యాండు కారు కొని, దానినే జీవనాధారం చేసుకుని, నెలనెలా వాయిదా కట్టే కుటుంబాలు మన ధర్మపురిలోనూ, కృష్ణగిరి, హోసూరు వైపునా చాలా ఉన్నాయి. కారు నాలుగు రోజులు మెకానిక్ షెడ్డులో నిలిచిందంటే ఆ నెల వాయిదా తప్పుతుంది. వాయిదా తప్పిన ఇంట్లో తరువాత తప్పేది పిల్లల ఫీజు. ఇది నేను లెడ్జరులో చూసిన విషయం. కారులో అతి చవకైన భాగాల్లో ఒకటైన స్పార్క్ ప్లగ్గును తప్పుగా ఎంచుకోవడం వల్ల కూడా ఇలాంటి నష్టం వస్తుంది. దానిని తప్పించుకోవడానికి మెకానికల్ ఇంజనీరింగు చదవనక్కరలేదు. ప్లగ్గు మీద ఉన్న నంబరును శ్రద్ధగా చదవడం వస్తే చాలు. నంబర్లు చదవడం మా వృత్తి కాబట్టి ఈ పాఠం రాసే సాహసం చేస్తున్నాను.

ముందుగా ఒక మాట. డీజిలు కారుకు స్పార్క్ ప్లగ్గు ఉండదు. డీజిలు ఇంజనులో గాలిని గట్టిగా నొక్కడం వల్ల పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. అందులో ఉండే గ్లో ప్లగ్గు చలిలో స్టార్టు కావడానికి సాయపడే హీటరు మాత్రమే. పేరులో ప్లగ్గు అని ఉన్నా రెండూ వేరు. బ్యాటరీ కార్లకు అసలు ఏదీ లేదు. పెట్రోలు, సీఎన్‌జీ, ఎల్‌పీజీ బండ్లకే ఈ పాఠం. సాధారణంగా సిలిండరుకు ఒక ప్లగ్గు ఉంటుంది. మూడు సిలిండర్ల మారుతి 800కు మూడు, నాలుగు సిలిండర్ల కారుకు నాలుగు. దీనికి మినహాయింపు కూడా ఉంది. 2003లో మన దేశంలో వచ్చిన హోండా సిటీ ఐ-డీఎస్ఐ ఇంజనులో సిలిండరుకు రెండు చొప్పున ఎనిమిది ప్లగ్గులు ఉండేవి. అటువంటి పాత బండి కొన్నవారు నాలుగు మార్చి, పని అయిపోయిందనుకుంటే సగమే అయినట్టు.

ప్లగ్గు చేసే పని

ప్లగ్గు మధ్యలో ఒక లోహపు కడ్డీ, దాని చుట్టూ తెల్లని పింగాణీ, ఆ పైన మరలు ఉన్న ఇనుప ఒళ్ళు ఉంటాయి. అడుగున వంకీలాగా మరొక లోహపు ముక్క ఉంటుంది. కడ్డీ కొనకు, ఆ వంకీకి నడుమ సన్నని ఖాళీ. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. ఈ ఖాళీని దాటించడానికి కాయిలు పంపేది పది వేల నుంచి ముప్పై వేల వోల్టుల దాకా. ఆ దాటడంలో పుట్టిన నిప్పురవ్వే పెట్రోలును, గాలిని కలిపి అంటిస్తుంది. ఎక్కువ వోల్టేజీతో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును జర్మనీలో రాబర్ట్ బాష్ కంపెనీ ఇంజనీరు గాట్లాబ్ హోనాల్డ్ 1902లో తయారుచేశాడు. నూట ఇరవై ఏళ్ళు దాటినా మూల సూత్రం మారలేదు.

పిల్లలు ఒక లెక్క వేసి చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు ఇంజను నిమిషానికి 2,500 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో రెండు చుట్లకు ఒక నిప్పురవ్వ. నిమిషానికి 1,250. ఆ నిమిషంలో బండి నడిచింది ఒక కిలోమీటరు. అంటే కిలోమీటరుకు 1,250 రవ్వలు. 40,000 కిలోమీటర్లకు ఐదు కోట్లు! ఒక్కొక్క రవ్వకూ కొన దగ్గర లోహం కంటికి కనబడనంత అరుగుతుంది. అరిగిన కొద్దీ ఖాళీ పెరుగుతుంది. ఖాళీ పెరిగిన కొద్దీ కాయిలు మీద భారం పెరుగుతుంది. చివరకు ఒకటి రెండు రవ్వలు తప్పుతాయి. దానినే మనవాళ్ళు ఇంజను మిస్సవుతోంది అంటారు. మండని పెట్రోలు సైలెన్సరు గొట్టం దారిలో ఉన్న కేటలిటిక్ కన్వర్టరులోకి వెళ్ళి అక్కడ మండి, దానిని పాడుచేస్తుంది. ప్లగ్గు ధర వందల్లో, కన్వర్టరు ధర వేలల్లో ఉంటుంది. ఆ కాస్త మిస్సింగే కదా, వచ్చే నెల చూద్దాం అనేవారికి ఈ తేడా తెలియాలి.

నంబరులో ఏముంది?

బ్యాంకులో ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పు రాస్తే డబ్బు ఇంకొకరి ఖాతాకు పోతుంది. ప్లగ్గు నంబరూ అటువంటిదే. జపాను కంపెనీ ఎన్‌జీకే వారి ఒక నంబరును తీసుకుందాం. బీపీఆర్6ఈఎస్-11. చూడటానికి మంత్రంలాగా ఉంది కాని ప్రతి అక్షరానికీ అర్థముంది.

మొదటి బీ అంటే మర వ్యాసం 14 మి.మీ., పానా పట్టే ఆరు పలకల భాగం 20.8 మి.మీ. దీని బదులు బీకే అని మొదలైతే మర అదే 14, పానా కొలత మాత్రం 16 మి.మీ. పీ అంటే పింగాణీ కొన ఇనుప ఒంటిని దాటి కొంచెం ముందుకు వచ్చి ఉంటుంది. ఆర్ అంటే లోపల రెసిస్టరు ఉన్నదని. రెసిస్టరు లేకపోతే ప్రతి నిప్పురవ్వకూ పుట్టే విద్యుత్ అలజడి రేడియోలో గరగర శబ్దం తెస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఇప్పటి కార్లలో ఇంజనును నడిపే కంప్యూటరును తికమక పెడుతుంది. కార్బురేటరు కాలం బండ్లలో ఆర్ లేని ప్లగ్గులు నడిచేవి. ఇంజెక్షను బండికి ఆర్ ఉన్నదే వేయాలని కంపెనీ చెబితే అది లేనిది వేయకూడదు. చివరి 11 అంటే ఖాళీ 1.1 మి.మీ. ఎస్ అంటే మామూలు నడిమి కడ్డీ.

ఇక మిగిలినవి 6, ఈ. అసలు ప్రమాదమంతా ఈ రెండింటిలోనే ఉంది.

ఈ అనేది మర పొడవు, 19 మి.మీ. అదే స్థానంలో హెచ్ ఉంటే 12.7 మి.మీ. వ్యాసం ఒకటే కనుక రెండూ ఒకే రంధ్రంలోకి చక్కగా ఎక్కుతాయి. మర సులువుగా ఎక్కింది కాబట్టి సరైనదే అనుకుంటారు. పొట్టి మర కావలసిన ఇంజనుకు పొడవు మర ప్లగ్గు వేస్తే దాని కొన లోపలికి పొడుచుకు వస్తుంది. పైకి లేచే పిస్టను గాని, వాల్వు గాని దానికి తగలవచ్చు. తగలకపోయినా, మంటలోకి వచ్చిన మరలు ఎర్రగా కాగుతాయి, వాటి మీద బొగ్గు పేరుకుంటుంది, ప్లగ్గు తీయబోతే హెడ్డులోని మరలు ఊడివస్తాయి. ఇంజను హెడ్డు అల్యూమినియంతో చేసినది, మెత్తని లోహం. పొడవు మర కావలసిన చోట పొట్టిది వేస్తే నిప్పురవ్వ గుంటలో దాక్కున్నట్టు అవుతుంది, మంట సరిగా వ్యాపించదు. పైగా ఖాళీగా మిగిలిన హెడ్డు మరల్లో బొగ్గు నిండిపోయి, ఆ తరువాత సరైన ప్లగ్గు తెచ్చినా లోపలికి దిగదు. ఇరవై ఆరున్నర మి.మీ. పొడవు మర ఉన్న ప్లగ్గులు కూడా కొత్త ఇంజనుల్లో వస్తున్నాయి. కాబట్టి కంటికి చూసి ఇది అదే అనడానికి వీల్లేదు.

ఇప్పుడు 6 సంగతి. దీనిని హీట్ రేంజి అంటారు. వేడి ప్లగ్గు, చల్లని ప్లగ్గు అనే మాటలు షాపుల్లో వింటూ ఉంటాము. వేడి ప్లగ్గు అంటే నిప్పురవ్వ ఎక్కువ వేడిగా ఉంటుందని కొందరు అర్థం చేసుకుంటారు, అది పొరపాటు. ప్లగ్గు తన కొనకు తగిలిన వేడిని ఎంత త్వరగా ఇంజను హెడ్డుకు వదిలించుకుంటుంది అన్నదే దీని భావం. వంటింట్లో గరిటెను చూడండి. కాడ పొడవుగా ఉంటే వేడి చేతి దాకా రావడానికి ఆలస్యమవుతుంది, పొట్టిగా ఉంటే వెంటనే చురుక్కుమంటుంది. పింగాణీ ముక్కు పొడవుగా ఉన్న ప్లగ్గులో వేడి దూరం పోవాలి కనుక కొన వేడిగానే నిలుస్తుంది. అది వేడి ప్లగ్గు. ముక్కు పొట్టిగా ఉంటే వేడి త్వరగా దిగిపోతుంది. అది చల్లని ప్లగ్గు.

కొన మరీ చల్లగా ఉండకూడదు, మరీ కాగనూ కూడదు. సుమారు 450 డిగ్రీలు దాటితే కొన మీద పడిన మసి తనంత తానే కాలిపోతుంది. అంతకు తక్కువలో నడిస్తే మసి పేరుకుని, కరెంటు ఖాళీని దాటకుండా మసి మీదుగా జారిపోతుంది. 950 డిగ్రీల దగ్గరకు వెళ్తే కొనే నిప్పుకణికై, రవ్వ రావలసిన సమయానికి ముందే పెట్రోలును అంటిస్తుంది. పైకి వస్తున్న పిస్టను మీద మంట ఎదురుదెబ్బ కొడుతుంది. సేలం నుంచి ధర్మపురికి వస్తూ తొప్పూరు ఘాటు ఎక్కేటప్పుడు, కృష్ణగిరి దాటి హోసూరు వైపు శూళగిరి మీదుగా ఎక్కేటప్పుడు, నిండా మనుషులు, సామాను ఉన్న బండిలో ఇంజను బాగా వేడెక్కుతుంది. అక్కడ అవసరమైనదానికంటే వేడి ప్లగ్గు ఉంటే పిస్టనుకే చిల్లు పడే అవకాశముంది. ఊళ్ళోనే రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆగే బండికి మరీ చల్లని ప్లగ్గు వేస్తే మసి పడుతుంది. ఈ రెండింటి నడుమ మన బండికి ఏది తగినదో కంపెనీవారు పరీక్షలు చేసే నిర్ణయించి ఉంటారు. ఘాటు కోసం ఒకటి, ఊరి కోసం ఒకటి అంటూ మనం మార్చుకోవలసిన పని లేదు.

ఒకే అంకె, ఎదురు అర్థం

ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. ఎన్‌జీకేలో అంకె పెరిగిన కొద్దీ ప్లగ్గు చల్లనిది. డెన్సోలో కూడా అంతే, కాని అంకెలు వేరు: ఎన్‌జీకే 5కు డెన్సో 16, 6కు 20, 7కు 22. బాష్, ఛాంపియన్ కంపెనీల పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. వాటిలో అంకె పెరిగిన కొద్దీ ప్లగ్గు వేడిది. ఎన్‌జీకే 6కు బాష్‌లో సమానం సుమారుగా 7. ఎన్‌జీకే 5కు 8. అంతా ఒకే పద్ధతి పెట్టుకోకూడదా అని మీరు అడగవచ్చు. ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క కంపెనీ తన నంబర్లు ముందే పెట్టేసుకున్నది, ఎవరూ వదులుకోలేదు.

మన ప్రాంతం పెద్దవారికి బాష్ అంటే వెంటనే గుర్తురాకపోవచ్చు, మైకో అంటే గుర్తొస్తుంది. 1951లో బెంగళూరులో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీయే మైకో. అంబాసిడరు, ఫియట్ రోజుల్లో ప్లగ్గు అంటే చాలామందికి మైకోయే. 2008లో ఆ కంపెనీ పేరు బాష్ లిమిటెడ్‌గా మారింది. అందుచేత తాతగారు మైకో అన్నా, మనవడు బాష్ అన్నా ఒకటే. అలాగే ఎన్‌జీకే కంపెనీ తన పేరును 2023లో నిటెరా అని మార్చుకున్నది. ప్లగ్గుల మీద ఎన్‌జీకే అనే గుర్తే ఉంటోంది.

ఈ ఎదురు అంకెల వల్ల మా బంధువుల్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. నా చిన్నమ్మ కొడుకు పాత పెట్రోలు వ్యాను ఒకటి కొని ఉదయం, సాయంత్రం బడి పిల్లలను దించుతూ, సెలవుల్లో హొగెనక్కల్ బాడుగలకు తిప్పేవాడు. ప్లగ్గులు మార్చిన మూడు వారాలకు బండి పొద్దున స్టార్టు కావడానికి మొరాయించడం, నాలుగు రోడ్ల దగ్గర ఆగి కదిలేటప్పుడు కుదుపులు, డాష్‌బోర్డులో ఇంజను దీపం. ఒక షెడ్డులో చూపిస్తే కాయిలు పోయి ఉంటుంది, ఇంజెక్టర్లు కూడా చూడాలి, పదిహేను వేలు దాకా అవుతుంది అన్నారట. వాడు నా దగ్గరకు వచ్చి, "అన్నా, పాప కాలేజీ ఫీజుకు పెట్టిన డబ్బు ఒక్కటే ఉంది, అది తీయవలసి వస్తుందేమో" అన్నాడు. ఆ సమయానికి మా అక్క మనవడు ఇంట్లో ఉన్నాడు. డిప్లొమా మెకానికల్ రెండో సంవత్సరం. "తాతయ్యా, ముందు ప్లగ్గులు తీసి చూద్దాం" అని తీశాడు. అన్నీ పొడి మసితో కాటుక పూసినట్టున్నాయి. బండి పుస్తకం తెప్పించి చూస్తే అందులో ఉన్నది ఒక కంపెనీ 5వ నంబరు. బండిలో ఉన్నది ఇంకో కంపెనీ 5వ నంబరు. అమ్మినవారు ఐదుకు ఐదు ఇచ్చారు. మొదటి కంపెనీ లెక్కలో ఐదు వేడి వైపుది, రెండో దాని లెక్కలో ఐదు కనీసం రెండు మెట్లు చల్లనిది. ఊళ్ళో ఆగి ఆగి నడిచే వ్యానుకు మసి పడక ఏమవుతుంది? పుస్తకంలో ఉన్న నంబరు ప్లగ్గులు తెచ్చి వేస్తే వెయ్యి రూపాయల లోపే పని ముగిసింది. కాయిలు, ఇంజెక్టర్లు అవే ఇప్పటికీ ఉన్నాయి. ఆ అబ్బాయి చేసినదల్లా రెండు నంబర్లను పక్కపక్కన పెట్టి చదవడమే.

కనుక ఇంకో కంపెనీ ప్లగ్గు తీసుకోవలసి వస్తే ఆ కంపెనీ తన పట్టికలో మీ కారు మోడలుకు ఏ నంబరు చూపిందో అదే తీసుకోవాలి. అంకెకు అంకె సరిపెట్టకూడదు.

నంబరు ఎక్కడ చూడాలి?

మొదటి చోటు ఓనర్స్ మాన్యువల్. చివరి పేజీల్లో స్పెసిఫికేషన్స్ అనే పట్టికలో స్పార్క్ ప్లగ్గు రకం, ఖాళీ కొలత రెండూ ఉంటాయి. కొన్ని కార్లలో బానెట్ లోపలి చీటీ మీద కూడా రాసి ఉంటుంది. సెకండ్ హ్యాండు కారుతో పుస్తకం రాకపోతే, కారు కంపెనీ సర్వీసు సెంటరుకు ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు ఇచ్చి అడగండి, విడిభాగాల జాబితా చూసి చెబుతారు. మోడలు పేరు ఒక్కటే చెబితే చాలదు. ఒకే పేరుతో పదేళ్ళు అమ్మిన కారులో ఇంజను మధ్యలో రెండు సార్లు మారి ఉండవచ్చు. మోడలు, తయారైన సంవత్సరం, ఇంజను రకం, మూడూ కావాలి.

పాత ప్లగ్గు ఊడదీసి తీసుకుపోయి అలాంటిదే ఇవ్వమనడం మనకు అలవాటు. కొత్తగా కొన్న కారు విషయంలో అది ఫరవాలేదు. చేతులు మారిన కారులో అంతకు ముందు ఓనరు ఏది దొరికితే అది వేసి ఉండవచ్చు. పాత ప్లగ్గు నంబరును పుస్తకంతో సరిచూసిన తరువాతే నమ్మండి. నంబరును కాగితం మీద రాసుకుని, లేదా ఫోనులో ఫొటో తీసుకుని షాపుకు వెళ్ళండి. మన ఊళ్ళో "ఇదే నంబర్ దాన్ వేణుం" అని గట్టిగా అడిగితే లేదంటారే గాని వేరేది అంటగట్టరు. లేదంటే రేపు రండి. హోసూరు, సేలం నుంచి తెప్పించడం వారికి పెద్ద పని కాదు.

నకిలీ సరుకు కూడా ఉంది. మరీ చవకగా ఇస్తున్నారంటే, బిల్లు అడిగితే తప్పించుకుంటున్నారంటే అక్కడ కొనవద్దు. పింగాణీ మీద అక్షరాలు చెదరి ఉండటం, మరలు గరుకుగా ఉండటం, కొన వంకీ నడిమి కడ్డీకి సరిగ్గా ఎదురుగా లేకపోవడం, వాషరు వదులై చేతిలోకి ఊడిరావడం అనుమానించవలసిన గుర్తులు.

నికెలా, ప్లాటినమా, ఇరిడియమా?

ఈ ప్రశ్న యువకులు తరచుగా అడుగుతారు. మామూలు ప్లగ్గు కొన నికెల్ మిశ్రమం. నికెల్ 1,455 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ప్లాటినం 1,768, ఇరిడియం 2,446. గట్టి లోహం కనుక ఇరిడియం కొనను 0.4 లేదా 0.6 మి.మీ. సన్నగా చేయగలుగుతారు, అయినా త్వరగా అరగదు. సన్నని కొన నుంచి రవ్వ తక్కువ వోల్టేజీకే దూకుతుంది.

ఖర్చు లెక్క వేసి చూద్దాం. లెక్క కోసం నికెల్ ప్లగ్గు 200, ఇరిడియం 800 అనుకోండి. మార్చే కూలి 300. నాలుగు నికెల్‌కు మొత్తం 1,100 రూపాయలు, 40,000 కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు 2.75 పైసలు. నాలుగు ఇరిడియంకు 3,500 రూపాయలు, లక్ష కిలోమీటర్లు నడిస్తే 3.5 పైసలు. తేడా ముప్పాతిక పైసా. అంటే డబ్బు కోసం దీనికంటే అది మేలు అని వాదించడంలో అర్థం లేదు. నా అభిప్రాయం ఇది. పుస్తకంలో ఇరిడియం లేదా ప్లాటినం అని ఉంటే దానినే వేయండి, నికెల్‌కు దిగవద్దు. అటువంటి ఇంజనులో సర్వీసు గడువులు ఆ లోహాన్ని బట్టే పెట్టి ఉంటారు. పుస్తకంలో నికెల్ అని ఉంటే నికెల్ చాలు. ఏడాదికి ఐదారు వేల కిలోమీటర్లు నడిచే ఇంటి కారుకు ఇరిడియం వేయడం పండుగ పూట మాత్రమే కట్టే చీరకు రోజూ ఇస్త్రీ చేయించినట్టు. బెంగళూరు ఎయిర్‌పోర్టుకు రోజూ పోయివచ్చే టాక్సీకి, బండి ఆగిన రోజు ఆదాయం పోయేవారికి, ఎక్కువ కాలం మన్నేది వేస్తే ఒక సౌకర్యం ఉంది. అప్పుడు కూడా అదే కంపెనీ, అదే మర పొడవు, అదే హీట్ రేంజి ఉన్న ఇరిడియం రకమే తీసుకోవాలి.

కొత్త ప్లగ్గు వేస్తే మైలేజీ విపరీతంగా పెరుగుతుందని డబ్బాల మీద రాసేవారు ఉన్నారు. అరిగిన ప్లగ్గు వల్ల పోయిన మైలేజీ తిరిగి వస్తుంది, అంతే. లేని మైలేజీ ఎక్కడి నుంచి వస్తుంది?

ఖాళీ కొలతను కొత్తదైనా ఒకసారి ఫీలర్ గేజితో చూడటం మంచిది, దారిలో కింద పడి వంగి ఉండవచ్చు. సన్నని ఇరిడియం కొన మీద మాత్రం గేజి పెట్టి నొక్కకండి, విరుగుతుంది. సీఎన్‌జీ బండ్లలో వాయువును అంటించడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే అక్కడ ప్లగ్గులు త్వరగా మార్చవలసి వస్తుంది, ఖాళీ కూడా తక్కువ పెట్టమని చెప్పవచ్చు. కంపెనీ అమర్చిన కిట్టు అయితే పుస్తకంలోనే ఉంటుంది. బయట అమర్చినదైతే అమర్చినవారి దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

బిగించేటప్పుడు

సరైన ప్లగ్గు కొని తప్పుగా బిగిస్తే ప్రయోజనం లేదు. ఇంజను పూర్తిగా చల్లారాలి. ప్లగ్గు గుంటలోని దుమ్మును గాలి కొట్టి తీసిన తరువాతే ఊడదీయాలి, లేకపోతే ఇసుక సిలిండరులో పడుతుంది. కొత్తదాన్ని మొదట చేతితోనే తిప్పాలి. రెండు మూడు చుట్లలోనే బిగుసుకుంటే మర వంకరగా ఎక్కిందన్నమాట, తీసి మళ్ళీ పెట్టాలి. బలవంతంగా పానా వేయకూడదు. వాషరు ఉన్న కొత్త 14 మి.మీ. ప్లగ్గును చేతితో తగిలేదాకా తిప్పి, ఆపైన పానాతో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు దాకా తిప్పితే చాలు. వాషరు లేకుండా ఏటవాలు అంచు ఉన్న రకానికి చుట్టులో పదహారో వంతే. టార్క్ రెంచి ఉన్న షెడ్డులో అల్యూమినియం హెడ్డుకు 14 మి.మీ. ప్లగ్గును 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ. ప్లగ్గును 15 నుంచి 20 పెడతారు. మరలకు గ్రీజు పూయడం కొందరికి అలవాటు. పూత పూసిన మరలున్న కొత్త ప్లగ్గుకు అది అక్కరలేదు. జారుడు వల్ల తెలియకుండానే ఎక్కువ బిగుస్తుంది.

అన్నీ ఒకేసారి మార్చండి. ఊడదీసిన పాతవాటిని పారేయకుండా సిలిండరు వరుసలో కాగితం మీద పెట్టి చూడండి. కొన లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉంది. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, లేదా ప్లగ్గు మరీ చల్లనిది. తడి నూనె ఉంటే ఆ సిలిండరులోకి ఇంజను ఆయిలు వస్తోంది, ప్లగ్గు మార్చినా తీరదు. తెల్లగా పొక్కులు తేలి ఉంటే వేడి మితిమీరింది. వెంటనే చూపించాలి.

విద్యార్థులకు అభ్యాసం: డెన్సో కంపెనీ ప్లగ్గు ఒకదాని మీద కే20పీఆర్-యూ11 అని ఉంది. ఇందులో కే అంటే మర 14 మి.మీ., పొడవు 19 మి.మీ., పానా 16 మి.మీ. యూ అనేది వంకీలో ఉన్న గాడి. మిగిలిన 20, పీ, ఆర్, 11ల అర్థాలు చెప్పి, ఎన్‌జీకేలో దీనికి సమానమైన నంబరు ఏ అంకెతో ఉంటుందో రాయండి. జవాబు: హీట్ రేంజి 20, ముందుకు వచ్చిన పింగాణీ కొన, రెసిస్టరు, ఖాళీ 1.1 మి.మీ.; ఎన్‌జీకేలో 6, పూర్తి నంబరు బీకేఆర్6ఈ-11.